ఏడాదికి పదిహేను సినిమాలు

వరంగల్ ప్రాంతంలోని కంబాలపల్లి నుంచి వెళ్లిన చక్రి 2000లో ‘బాచి’తో సంగీత దర్శకుడయ్యారు. 2014 డిసెంబర్ 15న నలభయ్యేళ్లకే కన్నుమూసేనాటికి ఆయన చేసిన సినిమాలు దాదాపు 85. అంటే ఏడాదికి ఆరు. ఒక్క మనిషికి ఇంత వేగం ఎలా వచ్చిందో తెలియాలంటే ఆయనకు ముందున్న సంగీత దర్శకుల జంట రాజ్-కోటి లెక్క చూడాలి. అది ఇంకా పెద్దది.

రాజ్ అంటే సంగీత దర్శకుడు టి.వి.రాజు కొడుకు తోటకూర సోమరాజు. కోటి అంటే మరో సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు కొడుకు కోటేశ్వరరావు. 1980ల మొదట్లో జట్టుకట్టి, 1994 ప్రాంతంలో విడిపోయేలోగా ఇద్దరూ కలిసి చేసిన సినిమాలు సుమారు 180. ఏడాదికి పదిహేను! సినిమాకు ఐదు పాటలే వేసుకున్నా ఏటా 75, వారానికి ఒకటిన్నర. రీరికార్డింగ్ అదనం. అదే కాలంలో స్పెయిన్‌ను సింథ్-పాప్‌తో ఊపేసిన మెకానో బృందం 1982 నుంచి 1991 దాకా తెచ్చిన స్టూడియో ఆల్బమ్‌లు ఆరే. సినిమా రిలీజు తేదీ తరుముతుంటే మనవాళ్లకు ఆ తీరిక ఎక్కడిది?

ఈ వేగం కొత్త పరికరాలతో వచ్చింది. తండ్రుల కాలంలో వాద్యబృందమంతా ఒకేసారి కూర్చుని వాయించాలి. ఒకరు తప్పితే టేకు మళ్లీ మొదటికి. 1983లో ఎలక్ట్రానిక్ వాద్యాలను ఒకదానితో ఒకటి కలిపే మిడి పద్ధతి, యమహా డీఎక్స్7 కీబోర్డు వచ్చాయి. డీఎక్స్7కు 61 మీటలు, ఒకేసారి 16 స్వరాలు పలుకుతుంది. మిడి తీగలో పోయేది శబ్దం కాదు. ఏ మీట నొక్కారు, 127 దాకా ఉండే కొలతలో ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న సమాచారం మాత్రమే. అందుకే ఒకసారి వాయించిన వరుసకు తర్వాత ఫ్లూటు ధ్వని పెట్టొచ్చు, వద్దనుకుంటే వయొలిన్ ధ్వని పెట్టొచ్చు, శ్రుతీ మార్చొచ్చు. పని ఇలా తేలికైనకొద్దీ వయొలిన్ వాయించేవాళ్లకు పిలుపులు తగ్గాయి. ఆ నష్టాన్నీ లెక్కలో వేయాల్సిందే.

రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ 1992లో ‘రోజా’తో ఏ.ఆర్.రెహమాన్‌గా లోకానికి తెలిశారు. మణిశర్మ కూడా అక్కడ కీబోర్డు వాయించినవారే. నా దృష్టిలో 180 కంటే పెద్ద సంఖ్య ఈ రెండే.

‘హలో బ్రదర్’ వచ్చిన 1994 తర్వాత దారులు వేరయ్యాయి. కోటి ‘పెదరాయుడు’, ‘నువ్వే కావాలి’ చేశారు. రాజ్ ‘సిసింద్రీ’ తర్వాత చేసినవి తక్కువ. 2023 మే 21న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆ 180లో ఎవరి వాటా ఎంతని ఇప్పటికీ కొందరు అడుగుతుంటారు. రెండు పేర్లూ కలిపి పడ్డ పాటలను అలాగే ఉంచాలి.