ప్రయాణము – సామాను

బోడుప్పల్ నుండి బయలుదేరి, ఉప్పల్‌లో బస్సు మారి, సికింద్రాబాదు స్టేషను మెట్లెక్కే విద్యార్థికి సామాను బరువు తెలియనిది కాదు.

పూర్వం ఆ బరువుకు తగిన కారణముండేది. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య డేరాలతో, దాదాపు నూరుగురు పరివారంతో మద్రాసు నుండి హైదరాబాదు మీదుగా కాశీకి సాగిపోయారు. నాటి దారులలో బస, భోజనం నిశ్చయం కావు. నేడు సబ్బు దొరకని ఊరు లేదు. అయినా మన పెట్టెలు ‘ఒకవేళ’ అనే సందేహంతో నిండుతున్నవి.

రైలులో స్లీపరు తరగతికి 40 కిలోలు ఉచితమే. కాని అనుమతించిన బరువు వేరు, మోయగల బరువు వేరు. కనుక ముందునాడే వస్తువులన్నీ చాపపై పరచి, ‘ఒకవేళ’ కోసం చేర్చినవి తీసివేయాలి. మందులు, గుర్తింపు పత్రాలు మాత్రం విడువరాదు. ఉతికి ఆరవేసుకొనగలిగితే వారానికి మూడు జతలు చాలును. సర్దిన సంచితో ఇంటి మెట్లు ఒకమారు ఎక్కి దిగి చూడాలి.

ఒకనాడు స్టేషను మెట్లపై మా అమ్మ తడబడినప్పుడు నా రెండు చేతులలోనూ పెట్టెలే ఉన్నవి. నాటినుండి ఒక చేయి ఖాళీగా ఉండేటట్లు సర్దుకొనడం నాకు నియమమైనది.