మీకు తెలుసా? ఆ పిన్నుకు కరెంటు అందితే డిస్క్ తిరగదు!

కొత్తగా బిగించిన రెండో హార్డ్ డిస్క్‌లో ఏ లోపమూ లేకపోయినా, పవర్ కనెక్టర్‌లోని మూడో పిన్నుకు 3.3 వోల్టులు అందుతున్నాయన్న ఒక్క కారణంతో అది అసలు తిరగకుండా ఉండిపోవచ్చు.

డిస్కులను కంప్యూటర్‌కు కలిపే సాటా పద్ధతిలో 2016లో వచ్చిన 3.3 ప్రమాణం ఆ పిన్నుకు కొత్త పని అప్పగించింది: అక్కడ కరెంటు ఉన్నంతసేపూ డిస్క్ ఆగి ఉండాలి. వేల డిస్కులుండే డేటా సెంటర్లలో మొండికేసినదాన్ని చేత్తో పీకి పెట్టే పని లేకుండా, దూరం నుంచే ఆపి మళ్లీ నడిపించడానికి ఈ ఏర్పాటు. కానీ చాలా పాత పవర్ సప్లైలు అదే పిన్నుకు ఎడతెగకుండా 3.3 వోల్టులు పంపుతుంటాయి. ఇక డిస్క్ లేవదు, బయాస్‌లో దాని పేరూ కనిపించదు. పెద్ద సర్వర్ల కోసం చేసిన డిస్కుల్లోనూ, ఎక్స్‌టర్నల్ డ్రైవ్ డబ్బా విప్పి బయటికి తీసిన కొన్ని డిస్కుల్లోనూ ఈ చిక్కు ఎదురవుతుంది. పాపం, బాగున్న డిస్కే పాడైందనిపించుకుని వెనక్కి వెళ్లిపోతుంది.

దీనికో దారి ఉంది. పవర్ సప్లై నుంచి వచ్చే నాలుగు పిన్నుల మోలెక్స్ కనెక్టర్‌లో 5, 12 వోల్టుల సరఫరా మాత్రమే ఉంటుంది. దాన్ని సాటాకు మార్చే అడాప్టర్ తగిలిస్తే అదే డిస్క్ మామూలుగా తిరుగుతుంది. అడాప్టర్ మాత్రం నాణ్యమైనదే కొనండి. నాసిరకానివి వేడెక్కి కాలిన సందర్భాలున్నాయి.