అవసరమెరిగిన శీతలధార

నీటిబొట్టు విలువ రాయలసీమ రైతుకు బాగా తెలుసు. అందుకే బిందుసేద్యంతో మొక్కకు కావలసినంత నీటినే అందిస్తాడు. ఆ వివేకం నేడు యంత్రాలకూ అవసరమైంది.

నాటి చిత్తూరు జిల్లాలో, నేటి తిరుపతి జిల్లాలో ఉన్న శ్రీసిటీలో 2016లో ఇసుజు వాహన కర్మాగారం ప్రారంభమైంది. వాహనాల ఇంజన్లలోని లోహభాగాలను సూక్ష్మమైన కొలతలతో మలిచేవి కంప్యూటర్ ఆధారిత సి.ఎన్.సి. యంత్రాలు. లోహాన్ని కోసేటప్పుడు పుట్టే తీవ్రమైన వేడికి పనిముట్టు త్వరగా అరుగుతుంది, కొలత తప్పుతుంది. ఆ వేడిని తగ్గించి, లోహపు రజనును కడిగివేసేది కూలెంట్. సాధారణంగా ఇది నీటిలో కొద్దిపాటి నూనె కలిపిన ద్రవం.

లోతైన రంధ్రం తొలచడానికీ, వెడల్పైన తలాన్ని చెక్కడానికీ ఒకే ధార సరిపడదు. అయినా పాతపద్ధతిలో పంపు ఎల్లప్పుడూ పూర్తివేగంతో తిరుగుతుంది. మిగులు ద్రవం కవాటం గుండా మళ్ళీ తొట్టిలో చేరుతుంది. వృథా అయిన శక్తి వేడిగా మారి, చల్లగా ఉండవలసిన ద్రవాన్నే వేడెక్కిస్తుంది!

నూతన పద్ధతిలో సెన్సర్ పీడనాన్ని కొలుస్తుంది. కంప్యూటర్ జరుగుతున్న పనిని తెలుపుతుంది. తదనుగుణంగా మోటారు వేగం మారుతుంది. సెంట్రిఫ్యూగల్ పంపు వేగాన్ని సగానికి తగ్గిస్తే, సిద్ధాంతరీత్యా దానికి కావలసిన విద్యుత్తు ఎనిమిదో వంతే.

చల్లగా ఉన్న కూలెంట్ తక్కువగా ఆవిరవుతుంది, ఎక్కువకాలం మన్నుతుంది. వాడిన ద్రవాన్ని శుద్ధిచేయకుండా వదిలితే భూగర్భజలం కలుషితమవుతుంది. కాబట్టి నీరు అరుదైన సీమలో ఈ పొదుపు కర్మాగారానికే కాక, చుట్టుపక్కల బావులకూ మేలు చేస్తుంది.