కదలకండి!

మా చిన్నతనంలో పెళ్ళివారి గ్రూపు ఫొటో అంటే పెద్ద తతంగం. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చి "కదలకండి!" అని కేక పెట్టేవాడు. అంతసేపూ బిగదీసుకు నిలబడి, చివరి క్షణంలో ఎవడో ఒక కుర్రాడు కదిలేవాడు. ఫొటోలో వాడికి రెండు తలలు!

ఆ కేక విలువ నాకు 2001లో, అమెరికాలో, ఒక బ్యాంకు కంప్యూటరు గదిలో తెలిసింది. 2000 సంవత్సరపు తేదీల చిక్కు పుణ్యమా అని సముద్రాలు దాటిన తెలుగువాళ్ళలో నేనూ ఒకణ్ణి. నా పని మెయిన్‌ఫ్రేము మీద. 1964లో ఐ.బి.యం. వారు ప్రకటించిన సిస్టం 360 వంశపు యంత్రమది.

బ్యాంకు లెక్కలకు రోజూ నకలు తీసి టేపుల మీద దాచాలి. దానికి గంటలు పడుతుంది. అంతసేపూ బ్యాంకు మూసేద్దామంటే, నడిరాత్రి డబ్బు తీసుకునేవాడు ఊరుకుంటాడా? తెరిచి ఉంచి తీస్తే, మొదటి పేజీ పదిగంటలది, చివరి పేజీ పన్నెండు గంటలది అవుతుంది. రెండు తలల ఫొటోయే గదా!

దీనికి డిస్కులు తయారుచేసేవారు ఒక ఉపాయం కనిపెట్టారు. ఐ.బి.యం. వారు దాన్ని 'ఫ్లాష్‌కాపీ' అన్నారు. కొట్టులో తెలివైన గుమాస్తాను ఊహించుకోండి. ఒక్క అక్షరమైనా ఎక్కించకుండానే "నకలు సిద్ధం" అంటాడు. ఆ తర్వాత ఎవరైనా పాత పేజీ దిద్దబోతే, "ఆగండి" అని ముందు దాన్ని రెండో పుస్తకంలోకి ఎక్కించి, అప్పుడు దిద్దనిస్తాడు. దిద్దని పేజీలు అడిగితే అసలు పుస్తకమే చూపిస్తాడు. అందుచేత నకలు క్షణాల్లో చేతికందుతుంది. దాన్ని తీరిగ్గా టేపుకెక్కించుకోవచ్చు, బేరం ఆగదు.

కాని మా ఖాతాలు ఒక్క డిస్కులో లేవు, ఎన్నో డిస్కుల్లో ఉండేవి. ఒకదాని తర్వాత ఒకటి నకలు తీసేవాళ్ళం. అందుకని ముందుగా వ్రాతలన్నీ కాసేపు నిలిపి, అన్నిటికీ ఆజ్ఞ ఇచ్చి, మళ్ళీ వదలాలి. నేను తొందరపాటున ఆ నిలిపే మెట్టును రెండు డిస్కుల తర్వాత పెట్టాను.

నెల తర్వాత, ప్రమాదం జరిగితే ఎలా కోలుకుంటామో చూడడానికి, ఆ నకలుతో రిహార్సలు చేశాం. ఒక ఖాతాలోంచి 500 డాలర్లు వెళ్ళాయి. చేరవలసిన ఖాతాకు చేరలేదు! పుచ్చుకునే ఖాతాకు ముందే ఫొటో పడింది. ఇచ్చే ఖాతాకు తర్వాత పడింది. మధ్యలో డబ్బు కదిలింది. నా ఒళ్ళు చల్లబడిపోయింది. నిజంగా డిస్కులు పాడైన రోజైతే ఎందరి డబ్బు గాలిలో కలిసేదో!

మా పైఅధికారి కోప్పడలేదు. "రిహార్సలు ఇందుకే," అని, మరో మాట కూడా చెప్పాడు: అసలు ఉన్న పెట్టెలోనే నకలూ ఉంటే, నిప్పంటుకున్ననాడు రెండూ పోతాయి. తాళంచెవి, మారు తాళంచెవి ఒకే బీరువాలో దాచుకున్నట్టు! టేపు వేరే ఊరు చేరేదాకా పని పూర్తి కాదన్నమాట.

ఆ రాత్రే మెట్లు సరిదిద్దాను. నిలిపే మెట్టు పక్కన గుర్తుగా, ఇంగ్లీషు అక్షరాల్లో 'కదలకండి' అని వ్రాసి పెట్టాను.

నా తర్వాత ఆ పనిలోకి వచ్చిన అమెరికను కుర్రవాడు, అదేదో ఐ.బి.యం. వారి మాట కాబోలనుకుని, అర్థం కోసం వారం రోజులు పుస్తకాలు వెతికాడట!