జర ఓ చెయ్యెయ్యి బిడ్డా!

గడ్డిమోపు నెత్తికెత్తుకోవాలన్నా, బియ్యం బస్తా బస్సెక్కించాలన్నా ఇబ్రహీంపట్నం పల్లెల్లో వినిపించే మాట ‘జర ఓ చెయ్యెయ్యి బిడ్డా’. అలా అడిగే పెద్దమ్మే 2014లో మొదలైన పింఛన్‌ని ‘ఆసరా’ అంటుంది. పంట పోతే ‘సర్కారు ఆదుకోవాలె’ అంటుంది. కష్టంలో వెంట నిలిచిన తమ్ముణ్ని ‘నాకు అండ’ అని చెప్పుకుంటుంది. ఒకదాని చోట ఇంకొకటి పొరపాటున కూడా వాడదు. ఇంజినీరింగ్ చదివే ఆమె మనవడు మాత్రం ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి అన్నిటికీ ‘హెల్ప్’ ఒక్కటే అంటాడు.

అతనికి తెలివి తక్కువై కాదు. ఇంట్లో అంత నేర్పుగా వాడే మాటలకూ ఇంగ్లిష్‌కూ లంకె ఉందని అతనికెవరూ చెప్పలేదు.

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల మంగళ్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్‌లలో కాలేజీలున్నాయి. ఆదిబట్లలో టీసీఎస్ ఉంది, హెలికాప్టర్ల బాడీలు తయారయ్యే టాటా-బోయింగ్ కర్మాగారం ఉంది. కాలేజీ నుంచి కొలువుకు దూరం కొన్ని కిలోమీటర్లే. పల్లె నుంచి వచ్చిన పిల్లలు చాలామంది తడబడేది ఇంటర్వ్యూ గదిలోనే.

రెజ్యూమెలో ‘హెల్ప్‌డ్ సీనియర్స్ ఇన్ ప్రాజెక్ట్’ అని రాస్తే తప్పు లేదు. కానీ ఏం చేశాడో తెలియదు. చేతికి వైర్లు అందించాడా, కోడ్ రాశాడా? పని బాధ్యత సీనియర్‌ది, అందులో కొంత భాగం ఇతను చేశాడనుకోండి, అక్కడ ‘అసిస్ట్’ కుదురుతుంది. నడుస్తున్న వ్యవస్థ ఆగిపోకుండా చూసుకుంటే ‘సపోర్ట్’. డబ్బుతోనో ధైర్యంతోనో నిలబెట్టినా ‘సపోర్టే’. మన ఆసరా, అండ రెండూ అందులో ఇముడుతాయి. ‘ఎయిడ్’ ఎక్కువగా సంస్థలు, ప్రభుత్వాలు అందించేది: లీగల్ ఎయిడ్, ఫారిన్ ఎయిడ్. మనిషి చేసేది ఫస్ట్ ఎయిడ్ ఒకటి ఉంది. స్నేహితుణ్ని నోట్స్ అడిగేటప్పుడు ‘ఎయిడ్ మీ’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘కెన్ యూ డూ మీ ఎ ఫేవర్’ అంటే సరిపోతుంది, అందులో చనువుంది, కాదనే వీలూ ఉంది. ఎవరో రాక పని ఆగితే ఆ పూటకు వెళ్లి అందుకోవడం ‘హెల్ప్ అవుట్’.

వ్యాకరణమూ కొంచెం చూసుకోవాలి. ‘హెల్ప్ మీ క్యారీ’, ‘హెల్ప్ మీ టు క్యారీ’ రెండూ ఒప్పే. ‘అసిస్ట్ మీ క్యారీ’ ఒప్పదు, ‘అసిస్ట్ మీ ఇన్ క్యారీయింగ్’ అనాలి.

జాతీయాల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. ‘గివ్ మీ ఎ హ్యాండ్’ అంటే మన ‘చెయ్యెయ్యి’. మాటకు మాట తీసుకొని ‘చెయ్యివ్వు’ అనుకుంటే కొంప మునుగుతుంది, మన దగ్గర ‘చెయ్యిచ్చాడు’ అంటే నమ్మించి మోసం చేశాడనే. ‘గివ్ హిమ్ ఎ బిగ్ హ్యాండ్’ అన్నారంటే చప్పట్లు కొట్టమని. ఇక ‘కాంట్ హెల్ప్ లాఫింగ్’లో సాయం ఊసే లేదు, నవ్వు ఆగడం లేదని అర్థం.

ఇన్ని మాటలెందుకంటే, 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక పాలకుల ఫ్రెంచి జనం మాటల మీద వచ్చి కూర్చుంది. ‘హెల్ప్’ పాత ఇంటి మాట. ‘ఎయిడ్’, ‘అసిస్ట్’ ఫ్రెంచి దారిన వచ్చినవి. అందుకే వాటిలో ఇప్పటికీ దర్బారు వాసన. మనకిది కొత్త కాదు. పొలం గట్టున ‘సాయం’, దరఖాస్తులో ‘సహాయం’ అంటాం.

2022-23లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. పాఠ్యపుస్తకాలు రెండు భాషల్లోనూ ఇచ్చారు. అది మంచి పని. అయితే ఇంగ్లిష్ పేజీయే చదివించి తెలుగు పేజీ తిప్పేస్తే ఆ మేలు పోయినట్టే. ‘మీ నాయనమ్మ దీన్నేమంటది?’ అని క్లాసులో అడిగే టీచరు కావాలి. ఆసరాకూ చెయ్యెయ్యడానికీ తేడా చెప్పగలిగిన పిల్లకు సపోర్ట్‌కూ గివ్ ఎ హ్యాండ్‌కూ తేడా చెప్పడం ఎంతసేపు?