తల లోపలి బొమ్మకు వేయి చేతులు

1971 అక్టోబరు 1. లండన్ శివారు వింబుల్డన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో ఒక మహిళ తలను కొత్త యంత్రంలో ఉంచారు. ఆమె మెదడులో కంతి ఉన్నదేమోనని వైద్యుల అనుమానం. కపాలం తెరవకుండానే ఆ సంగతి తేల్చాలి. యంత్రం తల చుట్టూ ఒక్కొక్క డిగ్రీ చొప్పున తిరుగుతూ ఎక్స్‌కిరణాలతో కొలతలు తీసింది. కాని కొలతలు బొమ్మ కావు. వాటిని నమోదు చేసిన టేపును వేరొకచోట ఉన్న కంప్యూటర్‌కు పంపి, ఫలితం కోసం నిరీక్షించవలసి వచ్చింది. చివరకు అందిన చిత్రంలో కంతి స్పష్టంగా కనిపించింది.

ఆ యంత్ర నిర్మాత గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్‌కు నిరీక్షణ కొత్త కాదు. ప్రయోగశాలలో ఆయన తొలి చిత్రానికి కొలతలు తీయడానికే 9 రోజులు పట్టింది. ఆ 28,000 కొలతలను చిత్రంగా మలచడానికి కంప్యూటర్‌కు మరి రెండున్నర గంటలు కావలసి వచ్చింది. 1979లో ఆయన, అలన్ కార్మాక్ నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

అదే 1971లో భారతీయ శాస్త్రజ్ఞులు జి.ఎన్. రామచంద్రన్, ఎ.వి. లక్ష్మీనారాయణన్ ఈ లెక్కను సులభం చేసే మార్గాన్ని ప్రచురించారు. ప్రతి కొలతల వరుసను ముందుగా ఒక గణితపు జల్లెడ పట్టి, పిదప కిరణాలు సాగిన దారి వెంటనే చిత్రమంతటా పరచడం ఆ మార్గం. ఆ జల్లెడను నేటికీ ‘రామ్-లాక్’ అనే పిలుస్తారు.

ఇందులో ఒక విశేషమున్నది. నిలువున 512, అడ్డముగా 512 గడులున్న చిత్రంలో 2,62,144 బిందువులుంటాయి. ఒకదాని విలువ కట్టడానికి పక్కదాని విలువ తెలియనక్కరలేదు. ఒక్కరే నాట్లు వేస్తే రోజులు పట్టే మడి, ఇరవైమంది వరుసగా దిగితే ఒక పూటలో పచ్చబడుతుంది. వీడియో ఆటల బొమ్మల కోసం పెరిగిన గ్రాఫిక్స్ చిప్పులలో అటువంటి చేతులు వేలల్లో ఉంటాయి. గ్రాఫిక్స్ యంత్రాలు ఈ పనికి పనికివస్తాయని 1994లోనే పరిశోధకులు చూపారు. 2007లో ఎన్విడియా సంస్థ ‘క్యూడా’ను విడుదల చేసిన తరువాత ఆ చేతులతో లెక్కలు చేయించడం సులువైంది.

ఈ వేగం దేనికి? పక్షవాతం వచ్చిన రోగి నాళంలో రక్తం గడ్డకట్టిందో, నాళమే చిట్లిందో తెలియనిదే గడ్డను కరిగించే మందు ఇవ్వరాదు. చిట్లి ఉంటే ఆ మందే ప్రాణాంతకం కావచ్చు. చికిత్స అందని ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ఒక అంచనా వెలువడింది.

మరో మేలు కంటికి కనిపించనిది. కిరణాలు తగ్గిస్తే బొమ్మ మసకబారుతుంది. దానిని మళ్ళీ మళ్ళీ సరిదిద్దే పద్ధతి లేకపోలేదు. కాని పెద్ద చిత్రాలకు ఆ లెక్క ఆసుపత్రి గడియారానికి అందేది కాదు. వేయి చేతులు కలిసిన పిదప అదీ అందింది. గణనలో మిగిలిన కాలం, యంత్రంలో పడుకున్న పసిబిడ్డ ఒంటిపై పడే కిరణాలను తగ్గించడానికి ఉపకరించింది.