నడుము నొప్పి తగ్గాక నడవాలా? నడిస్తే తగ్గుతుందా?

బట్టల కొట్టు నడిపే ఒకాయన నా దగ్గరికి వచ్చినప్పుడు చేతిలో రెండు కవర్లున్నాయి. ఒకదానిలో నడుము ఎమ్మారై ఫిల్ములు, రెండోదానిలో షుగరు రిపోర్టులు. నాలుగేళ్ల కిందటి దాకా ఆయన రోజూ తెల్లవారుజామున హైస్కూలు గ్రౌండులో గంటసేపు నడిచేవారు. ఒకనాడు నడుము పట్టేసింది. ఎమ్మారై తీయించారు. 'డిస్కు జరిగింది' అన్న మాట చెవిన పడింది. అంతే, నడక మానేశారు. బెల్టు బిగించుకుని పగలంతా గల్లా దగ్గర కూర్చోవడం, రాత్రి ఇంటికెళ్లి పడుకోవడం. నొప్పి మాత్రం పోలేదు. ఈలోగా ఎనిమిది కిలోల బరువు పెరిగింది, రోజుకు ఒకటిగా ఉన్న షుగరు మాత్రలు మూడయ్యాయి.

"నడుము బాగుపడనివ్వండి డాక్టర్ సాబ్, మళ్లీ నడుస్తాను" అన్నారు. ఫిజియోథెరపీ చేసే మాకు ఇంతగా వినిపించే మాట మరొకటి లేదు. వినడానికి తెలివైన మాటలాగే ఉంటుంది. కాని ఆ మాట పట్టుకుని కూర్చున్నవాళ్లలో నడుము బాగుపడినవాళ్లు తక్కువ, గుండె పాడైనవాళ్లు ఎక్కువ.

నొప్పి మొదలై మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటాం. కొత్తగా బెణికిన నొప్పికీ దీనికీ తేడా ఉంది. మూడు నెలల్లో సామాన్యమైన గాయాలు మానిపోతాయి. నరాలు మాత్రం హెచ్చరికలు పంపడం అలవాటు చేసుకుంటాయి. కొత్త బండికి దొంగల అలారం మరీ సున్నితంగా పెట్టారనుకోండి, పిల్లి ఎక్కినా మోగుతుంది. మోగిన ప్రతిసారీ దొంగ వచ్చినట్టు కాదు. అలాగే ఈ దశలో నొప్పి పుట్టిన ప్రతిసారీ లోపల ఏదో చిరిగిపోతున్నట్టు కాదు. ఇది నమ్మడం రోగికి చాలా కష్టం. నొప్పి ఆయనది కదా, నాది కాదు.

మరి ఎమ్మారై మాటేమిటి? ఏ నొప్పీ లేని 3,110 మంది స్కానింగులను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. యాభై ఏళ్ల వయసులో నూటికి 80 మందికి డిస్కుల అరుగుదల, 60 మందికి డిస్కు ఉబ్బు కనిపించాయి. ఎవరికీ నొప్పి లేదు! రిపోర్టులో ఆ మాట ఉండటం చాలామటుకు జుట్టు నెరవడం లాంటిదే. పైగా పెద్దవాళ్ల డిస్కులకు రక్తనాళాల సరఫరా దాదాపు ఉండదు. చుట్టుపక్కల నుంచి ఊరి వచ్చే పోషకాలే ఆధారం, శరీరం కదలడం అందుకు తోడ్పడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పిపై మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం చేయించమంది. నడుము బెల్టులు, ట్రాక్షన్ మామూలుగా వాడవద్దంది. ఆ మరుసటి ఏడు ఆస్ట్రేలియా నుంచి 701 మందితో చేసిన అధ్యయనం వచ్చింది. వాళ్లు నొప్పి తగ్గి కోలుకున్నవాళ్లు. ఫిజియోథెరపిస్టు సలహాతో క్రమంగా నడక పెంచుకుంటూ పోయినవాళ్లలో సగం మందికి నొప్పి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది, మిగతావాళ్లలో 112 రోజులే. ఖర్చు లేని మందుకు ఇది చిన్న ఫలితం కాదు. అయితే నొప్పి ఉండగానే నడవడం మొదలుపెట్టినవారికి అది పూర్తిగా మాయమవుతుందని నేను చెప్పను. కొంత తగ్గుతుంది. షుగరుకూ, బీపీకీ, గుండెకూ, నిద్రకూ దక్కే లాభం అంతకంటే పెద్దది.

ఎలా మొదలుపెట్టాలన్నదే అసలు సంగతి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. నొప్పి లేని రోజు హుషారుగా నాలుగు కిలోమీటర్లు నడుస్తారు, తర్వాత మూడు రోజులు మంచం దిగరు. 'నడక నాకు పడదు' అని తీర్మానించేస్తారు. నా దృష్టిలో నొప్పి లేని రోజే జాగ్రత్తగా ఉండాల్సిన రోజు. నొప్పి చెప్పినట్టు కాకుండా గడియారం చెప్పినట్టు నడవాలి. మూడు రోజులు నడిచి, ఎన్ని నిమిషాలకు నొప్పి పెరగడం మొదలైందో రాసుకోండి. 10, 14, 12 వచ్చాయనుకుందాం. సగటు 12. అందులో ఐదో వంతు తీసేస్తే తొమ్మిదిన్నర. తొమ్మిది నిమిషాలతో మొదలుపెట్టండి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. హాయిగా ఉన్న రోజూ అంతే, బాగాలేని రోజూ అంతే. వారానికి ఒకటి రెండు నిమిషాలు కలుపుతూ పోండి. చేరాల్సింది వారానికి 150 నిమిషాలు, అంటే అరగంట చొప్పున ఐదు రోజులు.

నడుస్తుంటే నొప్పి కొంచెం పెరగవచ్చు. పదికి మూడు ఉండేది ఐదు దాకా పోయి, మర్నాటి పొద్దుటికి మళ్లీ మూడుకు వస్తే ఫరవాలేదు. దిగకపోతే కిందటి వారం లెక్కకు వెళ్లండి, సున్నాకు మాత్రం వెళ్లకండి. వేగం విషయానికొస్తే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం ఉండాలి. షాపు కిటికీలు చూసుకుంటూ తిరిగే షికారు గుండెకు సరిపోదు. హవాయి చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. ఇన్సులిన్ వాడేవాళ్లు, నడిస్తే ఛాతీ బరువెక్కేవాళ్లు ముందు తమ డాక్టరును అడగాలి.

"ఇంటి పనంతా నేనే చేస్తాను, అది వ్యాయామం కాదా?" అని ఆడవాళ్లు అడుగుతారు. కష్టమే, కాదనను. కాని అందులో వంగడం, నిలబడటం, మోయడం ఎక్కువ. గుండె పది నిమిషాలు ఆగకుండా వేగంగా కొట్టుకునే పని తక్కువ. బయటికి వెళ్లే వీలు లేకపోతే డాబా చాలు. ఒకవైపే తిరక్కుండా కాసేపు కుడివైపు, కాసేపు ఎడమవైపు తిరగండి.

అందరికీ నడకే సరిపడదు. అరవై దాటిన కొందరికి రెండు వందల అడుగులు వేసేసరికి పిక్కలు బరువెక్కుతాయి, కూర్చున్నా ముందుకు వంగినా సర్దుకుంటాయి. వెన్నులో నరాల దారి ఇరుకైనప్పుడు ఇలా అవుతుంది. వీళ్లకు కదలని సైకిలు మేలు. ఊరికే నిలబడితేనే తగ్గిపోతుంటే కాళ్ల రక్తనాళాలు పరీక్ష చేయించుకోవాలి. ఎక్కువసేపు కూర్చుంటే నొప్పి పెరిగేవాళ్లకు సైకిలు వద్దు, నడకే నయం. ఈత మంచిదే, ఊళ్లో కొలను ఉంటే.

మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం వేలాడిపోతున్నా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు నిద్ర లేపే నొప్పి, గతంలో క్యాన్సరు, గట్టిగా పడిన దెబ్బ ఉంటే ముందు పరీక్ష, తర్వాతే నడక. మన దేశంలో వెన్నుకు వచ్చే క్షయను మరిచిపోకూడదు.

ఆ బట్టల కొట్టాయన ఆరు నిమిషాలతో మొదలుపెట్టారు. "ఇది నడకేనా?" అని నవ్వారు కూడా. రంజాన్ సీజనులో కొట్టు వదలడానికి వీల్లేక మూడు వారాలు మానేశారు. మళ్లీ కాస్త వెనక్కి జరిగి ఎత్తుకున్నారు. ఎనిమిది నెలలకు ముప్పై ఐదు నిమిషాలకు వచ్చారు. నొప్పి పదికి ఏడు ఉండేది, ఇప్పుడు నాలుగు. బెల్టు బీరువాలో ఉంది. షుగరు మాత్రల్లో ఒకటి వాళ్ల డాక్టరు తీసేశారు. మొన్న వచ్చి మెట్లెక్కవచ్చా అని అడిగారు. ఒక అంతస్తుతో మొదలుపెట్టమన్నాను.